చుక్క దొరకని సూరత్‌లో పొగ విస్కీ నేర్చుకున్నాను

మొన్నటి నవంబరు చివరి ఆదివారం, పగలు పదకొండున్నరకు, డామన్‌లో ఒక ఇంటి వసారాలో, మాకు కాబోయే వియ్యంకుడు పోసిచ్చిన విస్కీని నేను ఉమ్మేశాను. ఆయన కుడికాలి చెప్పు మీద పడింది.

ఊరికి తిరిగొచ్చినప్పటి నుంచి మా వాడకట్టు ఆడవాళ్లు ఇదే అడుగుతున్నారు. అందరికీ చెప్పి చెప్పి నోరు నొస్తోంది. చెయ్యికి రాత వచ్చాక నోటిని ఎందుకు నొప్పించుకోవాలి? నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. ఆలస్యంగా వచ్చినవాటిని ఊరికే కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. రాస్తున్నాను. చదువుకోండి, మళ్లీ అడగకండి.

ఉమ్మిన ఆదివారం

మా తమ్ముడు నర్సయ్య మరమగ్గాలు నడపడానికి సూరత్ పోయి ముప్పై ఏళ్లు దాటింది. వాడి బిడ్డ మౌనిక అక్కడే పుట్టింది. చీరల మార్కెట్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ మీద పని చేస్తుంది. సూరత్ శివారు ఇచ్ఛాపూర్ పక్క ఫ్యాక్టరీలో క్రేన్ నడిపే సాగర్‌ని ఇష్టపడింది. వాళ్లదీ మా కరీంనగర్ వైపే. తండ్రి ఎల్లయ్య చాలా కాలం ఓడల్లో వంట చేశాడు, ఇప్పుడు అక్కడికి దగ్గర్లోనే హజీరాలో ఒక క్యాంటీన్‌లో ఉన్నాడు. తల్లి అంజవ్వ. పెద్దలందరూ సరే అనుకున్నారు. మాట ఖాయం చేసుకోవడమే మిగిలింది. అందుకే నన్ను పిలిపించారు.

మా వైపు మాట ఖాయం ఎలా అవుతుందో కొత్తవాళ్లకు చెప్పాలి. పిల్లవాడి ఇంటివాళ్లు కల్లు పోసిస్తారు. పిల్ల మేనత్త దాన్ని కింద పెట్టకుండా తాగి, గిన్నె బోర్లించాలి. అప్పుడు వాళ్లు "ఎట్లున్నది?" అని అడుగుతారు. మేనత్త ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ మాటలో అబద్ధం దొర్లితే సంసారంలో అబద్ధం దొర్లుతుందని మా అమ్మ అనేది. తాగకుండా వదిలేసినా, ఉమ్మినా, సంబంధం వద్దన్నట్టే.

గుజరాత్‌లో మందు నిషేధం. అందుకని సూరత్‌లో ఉన్న మనవాళ్లు ఇలాంటి పనులకు డామన్ వెళ్తారు. అది పక్కనే ఉన్నా గుజరాత్‌లోది కాదు, అక్కడ అడ్డు లేదు. ఎల్లయ్య తన సీసాను కూడా అక్కడే ఉంచుకున్నాడు, ఓడలో తనతో వంట చేసిన జోకిం అనే ముసలాయన ఇంట్లో. చుట్టాన్ని చూడబోయినట్టు ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్లి ఆ సీసాను చూసి వస్తాడట. అది స్కాట్లాండ్ దగ్గరి ఒక దీవిలో చేసిన విస్కీ. కల్లు పోస్తే సరిపోయేది. కానీ తన దగ్గర ఉన్నదాంట్లో అన్నిటికన్నా మంచిది పోయడం మర్యాద అనుకున్నాడు పాపం.

నాది కల్లు తాగే నోరు. ముంత ఎత్తితే గొంతు తెరిచి పెట్టాలి, కల్లు తనంతట తానే దిగుతుంది. అలాగే ఎత్తాను. నోట్లో దవాఖాన తగలబడ్డట్టయింది. పొగ, టింక్చరు, కాలిన గుడ్డ, ఉప్పు, అన్నీ ఒకేసారి. మిగతాది మీకు తెలుసు.

"ఏందక్కా గిది?" అంజవ్వ లేచి నిలబడింది. "మా సీసా మీద ఉమ్మినవా, మా పోరని మీద ఉమ్మినవా?"

"మీ పోరడు బంగారం. మీ మందే పాడుగున్నది" అన్నాను.

ఆ మాట ఆమెను చల్లబరచలేదు. మౌనిక మొహం తెల్లబోయింది. ఎల్లయ్య చెప్పు తుడుచుకుంటూ "పోనీలే, కొత్త గదా" అన్నాడు. అంజవ్వ ఒప్పుకోలేదు.

"రివాజు రివాజే. ఉమ్మిన నోరే తాగాలె. మళ్ల ఆయితారం దాకా ఆగుతం. ఆ తర్వాత ధనుర్మాసమొస్తది, మాటలు నడవయి. అప్పటికీ కాకపోతే మా తొవ్వ మేము చూసుకుంటం."

తిరుగు దారిలో గుజరాత్ గేటు దగ్గర పోలీసులు ఆటో ఆపి మా సంచులు వెతికారు. నేను ఉమ్మినందువల్ల జరిగిన మంచి ఒక్కటే, వాసన చూస్తారన్న భయం లేకుండా కూర్చున్నాను.

"కండ్లు మూసుకొని మింగితే అయిపోతుండె గదనే" అని నర్సయ్య గొణిగాడు.

"మింగినంక ఎట్లున్నదంటే ఏం చెప్పాలెరా?"

"మంచిగున్నదను."

"నువ్వను. నీకు అలవాటే."

మరదలు భారతి కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

బమ్రోలి

తమ్ముడి ఇల్లు బమ్రోలిలో. ఒక గది, ఒక వంటిల్లు, పైన రేకులు. గోడ అవతల మగ్గాలు. సిరిసిల్ల మగ్గాల చప్పుడు విని పెరిగినదాన్ని కాబట్టి నాకు నిద్ర బాగానే పట్టింది. ఒక రాత్రి కరెంటు పోయి మగ్గాలు ఆగినప్పుడే మెలకువ వచ్చింది. అక్కడ చాయ్‌లో పుదీనా వేస్తారు. పప్పులో బెల్లం వేస్తారు. చాయ్‌కి అలవాటు పడ్డాను, పప్పుకి పడలేదు. పప్పు తీపి ఎందుకని అడిగితే ఇక్కడి నీళ్లు అలాంటివి అన్నారు. నీళ్ల మీద నెపం పెట్టడం అన్ని ఊళ్లలోనూ ఉంది.

ఇంకో కష్టం. నేను బోర్డు కనిపిస్తే చదవకుండా ఉండలేను. సూరత్ బోర్డులు గుజరాతీలో ఉన్నాయి. హిందీ అక్షరాలు దండేనికి ఆరేసిన బట్టల్లా ఉంటాయి. గుజరాతీవాళ్లు ఆ దండెం తెంపేసినట్టున్నారు, అక్షరాలు కింద పడి ఎవరికి వారే దొర్లుతున్నాయి. మళ్లీ చదువురానిదాన్నయ్యాను.

సోమవారం పొద్దున మౌనిక ఆఫీసుకి పోతూ నా పక్కన కూర్చుంది. ఈ పిల్ల సగం తెలుగు, సగం హిందీ మాట్లాడుతుంది, కోపం వస్తే గుజరాతీ.

"అత్తా, నాకు సాగరే గావాలె. ఇంకెవల్లు వద్దు."

"తెలుసు బిడ్డా. కండ్లు మూసుకొని మింగుత, తియ్."

"అట్ల వద్దు. నువ్వు ఝూట్ చెప్పి తెచ్చిన సంబంధం నాకొద్దు. నువ్వు ఝూట్ చెప్తే నాకు వెంటనే తెలుస్తది, నీ చెవులు ఎర్రగైతయి."

చెవులు ఎర్రబడతాయన్న సంగతి నాకే తెలియదు. అద్దం ముందు నిలబడి "పప్పు మంచిగున్నది" అన్నాను. నిజమే, ఎర్రబడ్డాయి.

అంటే మింగడం చాలదు. ఆ మందు నాకు నిజంగా నచ్చాలి. ఆదివారం లోపల, ఒక్క చుక్క కూడా దొరకని ఊళ్లో ఉండి నచ్చించుకోవాలి.

హంసాబెన్ మజ్జిగ

పక్కింటి హంసాబెన్ గుజరాతీ ఆమె. వెల్లుల్లి కూడా ముట్టని ఇల్లు. మంగళవారం నన్ను చూసి, "మాజీ" అని, అంటే అమ్మా అని పిలిచి, ఎందుకు దిగులుగా ఉన్నారని హిందీలో అడిగింది. నాకు దాచడం రాదు. మందు తాగడం నేర్చుకుంటున్నాను అని చెప్పేశాను. ఆమె రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుంది. మరదలు పరుగెత్తుకొచ్చి సంగతంతా వివరించింది. పెళ్లి మాట వినగానే హంసాబెన్ చేతులు దిగిపోయాయి.

"దారూ మాట నాకు చెప్పొద్దు. కానీ కష్టం ఏమిటి, ధుఁవా కదా? పొగే కదా?" అని లోపలికి పోయింది.

గిన్నె నిండా మజ్జిగ పెట్టి, నడుమ చిన్న కటోరీలో నిప్పు కణిక వేసి, దాని మీద నెయ్యి చుక్క వదిలి మూత పెట్టింది. కాసేపాగి మూత తీసి నాకిచ్చింది. మజ్జిగకు పొగ పట్టింది. వాళ్ల ఇంట్లో ఇది రోజూ చేసేదేనట.

ఒక గుక్క తాగి గిన్నె పక్కన పెట్టాను.

"చూడమ్మా" అన్నాను. "నలభై ఏండ్లు పొయ్యి ఊదిన. పొగ మింగిన, కండ్లు పోగొట్టుకున్న. గ్యాస్ వచ్చిననాడు సిలిండర్‌కు బొట్టు పెట్టి దండం పెట్టిన. ఇప్పుడు పైసలిచ్చి పొగ తాగాలెనా?"

భారతి దీన్ని హిందీలో చెప్పింది. హంసాబెన్ నా దగ్గరికి జరిగి కూర్చుంది. తర్వాత తన కళ్లు చూపించింది. ఆమె కళ్లూ నా కళ్లలాగే అంచుల్లో ఎర్రగా ఉన్నాయి. "అయినా నాకు మజ్జిగలో ఇష్టమే" అంది. ఎందుకో ఆమెకూ తెలియదు.

శనివారం దాకా రోజూ ఒక గిన్నె పంపింది. బుధవారం సగం తాగాను, గురువారం ముప్పావు. ఇష్టంతో కాదు, ఆమె మొహం చూసి.

మందుల షాపు

పొగ ఒక వైపు, దవాఖాన వాసన ఒక వైపు. రెండోదానికి బుధవారం మందుల షాపుకి పోయి టింక్చరు సీసా కొన్నాను. అక్కడే మూత తీసి వాసన చూస్తూ నిలబడ్డాను.

"మాజీ, కహాఁ లగా హై?" అన్నాడు షాపువాడు. దెబ్బ ఎక్కడ తగిలిందని అడుగుతున్నాడు.

"నాక్ మే" అన్నాను. ముక్కులో.

అతను గల్లా వదిలి బయటికి వచ్చి, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కులో దూది పెట్టబోయాడు. నాకొచ్చిన నాలుగు హిందీ ముక్కలతో అతన్ని ఆపడానికి చాలాసేపు పట్టింది. మంచి మనిషి. మన దగ్గర అయితే నంబరు రాసి కూర్చోమనేవాళ్లు.

డుమస్

గురువారం ఎల్లయ్య ఫోన్ చేశాడు. "వదినె, సముద్రం చూపిస్త రా. అంజవ్వకు చెప్పకు."

డుమస్‌లో ఇసుక నల్లగా ఉంటుంది. ఇసుక అనుకుని కాలు పెడితే బురద. నా ఎడమ చెప్పు అందులోనే ఉండిపోయింది, ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది. ఒంటి చెప్పుతో బండి దగ్గర కూర్చుని టమాటా బజ్జీలు తిన్నాం. టమాటా ముక్క మీద పచ్చి కారం పూసి, పిండిలో ముంచి వేయిస్తారు. కొరికితే లోపల మండే నీళ్లు. మా ఊరి మిరపకాయ బజ్జీ దీని ముందు పసిపిల్ల.

అక్కడ కూర్చుని ఎల్లయ్య ఆ దీవి సంగతి చెప్పాడు. అక్కడ చెట్లు లేవట. గాలి నిలబడనివ్వదట. పొయ్యిలోకి కట్టె ఉండదు. నేల మాత్రం వింతది. గడ్డీ నాచూ వేల ఏళ్లు నీళ్లలో నాని నల్లటి మట్టిగా మారాయట. దాన్ని పారతో ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, కాలుస్తారట. ఆ మంట మీదే అన్నం, చలి కాచుకోవడం, అన్నీ. విస్కీకి మొలకెత్తించిన బార్లీని కూడా ఆ పొగ మీదే ఆరబెట్టేవాళ్లు. పొగ గింజలో దూరి, గింజ నుంచి సీసాలోకి వచ్చింది.

"అంటే పిడకలసుంటియి" అన్నాను.

"అచ్చం పిడకలే. పేడ లేదంతే."

"మరి అది బీదోల్ల పొగ గదనయ్యా. ఇంత ధర ఎందుకు?"

"ఇప్పుడు బీదోల్లు తాగుతలేరు గద."

తర్వాత అతను గొంతు తగ్గించాడు. "వదినె, ఒక మాట. నేనూ ఉమ్మిన. ఓడ దిగి చలికి వణుకుతుంటే రేవుల ఒక ముసలాయన పోసిండు. కల్లు తాగినట్టు ఎత్తిన. ఆయన కుక్క మీద ఉమ్మిన. ఆ ముసలాయన నవ్వి, మళ్ల పోసి, గిన్ని నీళ్లు కలిపి, నాలుక మీద పెట్టుకొని కూసోమన్నడు. మింగకు, అది పొయ్యేటప్పుడు పోతది అన్నడు. మా అంజవ్వకు మాత్రం మొదటి గుక్కకే పానం లేచొచ్చిందని చెప్పిన. నువ్వు చెప్పకు."

"అడగకపోతే చెప్ప" అన్నాను. "అడిగితే నా చెవుల సంగతి నీకు తెల్వదు."

అప్పుడే పోటు తగ్గి నీళ్లు వెనక్కి పోయాయి. బురద మీద నుంచి ఉప్పు, కుళ్లిన నాచు, తాళ్లకు పూసిన తారు, అన్నీ కలిసిన వాసన వచ్చింది. అది నాకు ఇంతకు ముందే తెలుసు. ఆదివారం నా నోట్లో ఉన్నదే. ముక్కు మూసుకోలేదు.

పోంకు

శుక్రవారం మౌనిక, సాగర్ నన్ను తాపీ నది వంతెన దగ్గరికి తీసుకుపోయారు. చలికాలం అక్కడ పోంకు అమ్ముతారు. పోంకు అంటే ఏదో పిండివంట అనుకున్నాను. బండి దగ్గరికి వెళ్లి చూస్తే మన ఊచబియ్యం! పాలు పట్టిన పచ్చి జొన్న కంకుల్ని నిప్పుల్లో కాల్చి, గుడ్డ సంచిలో వేసి కర్రతో కొట్టి, గింజలు రాల్చి ఇస్తున్నారు. పావుకిలో నూట యాభై అన్నాడు. మా చేలో దొంగతనంగా తిన్నదానికి నూట యాభై! అప్పుడప్పుడే సీజను మొదలైందట. సన్న కారపూసతో కలిపి తింటారు, నిమ్మకాయ పిండుతారు.

గుప్పెడు నోట్లో వేసుకున్నాను. నమలడం ఆపి పొట్లంలోకి చూశాను.

"అత్తా, ఏమైంది? కంకర గిట్ల వచ్చిందా?" అంది మౌనిక.

ఏమీ కాలేదు. నేను పొగ అంటే పొయ్యి అనుకుంటూ వచ్చాను. పొయ్యి పొగ వెనక ఎప్పుడూ ఎవరో ఆకలితో కూర్చుని ఉంటారు, అన్నం అయిందా అంటుంటారు. కానీ చేలో పొగ ఒకటి ఉండేది. కావలికి పోయినప్పుడు గడ్డి అంటించి కంకులు పడేసేవాళ్లం. అది ఎవరి కోసమూ వండింది కాదు. మేమే కాల్చి, మేమే తిని, మూతులు నల్లగా చేసుకుని నవ్వుకునేవాళ్లం. ఆ పొగని నేను ఎప్పుడూ తిట్టలేదు. మరిచిపోయానంతే. ఆ రెండు పొగలకీ ఒకటే పేరు పెట్టి, రెండిటినీ కలిపి తిట్టుకుంటూ వచ్చాను.

సాగర్ ఇంకో పావుకిలో కట్టించాడు. నేను అడగలేదు. నా చెయ్యి పొట్లంలోకి పోతున్న వేగం చూసి కట్టించాడు. ఈ పిల్లవాడికి మేనత్త మార్కులు అప్పుడే పడ్డాయి.

ఆ సాయంత్రం హంసాబెన్ మజ్జిగ గిన్నె ఖాళీ చేసి, ఇంకా ఉందా అని అడిగాను.

మళ్లీ డామన్

ఆదివారం అదే వసారా, అదే సముద్రం. జోకిం చేపలు వేయించి పెట్టాడు. అంజవ్వ పట్టుచీర కట్టుకుని న్యాయమూర్తిలా కూర్చుంది. ఎల్లయ్య గ్లాసులో పోసి రెండు చేతులతో ఇచ్చాడు.

"గిన్ని నీళ్లు పొయ్యి" అన్నాను.

"నీళ్లు కలుపుడు రివాజుల ఉన్నదా?" అంది అంజవ్వ.

"కల్లుల నీళ్లు కలిపెటోడు మీ ఊళ్లె లేడా?" అన్నాను. ఉన్నాడు కాబట్టి ఊరుకుంది.

ఈసారి ఎత్తలేదు. పెదవి తడిపి ఆగాను. దవాఖాన వచ్చింది. మందుల షాపువాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. మింగకుండా కూర్చున్నాను. దవాఖాన వెనక నుంచి డుమస్ బురద వచ్చింది, నా చెప్పుతో సహా. ఇంకా కూర్చున్నాను. అప్పుడు, ఆఖరున, నాలుక వెనక నుంచి సన్నగా తీపి, దాని మీద గడ్డి పొగ. మా చేను.

ఇంకో చుక్క తీసుకున్నాను. మళ్లీ దవాఖాన, బురద, చేను, ముగ్గురూ అదే వరసలో వచ్చారు.

గ్లాసు కింద పెట్టకూడదన్నారు గానీ, ఎంతసేపట్లో తాగాలో మా పెద్దవాళ్లెవరూ చెప్పి పోలేదు. నేను చుక్క చుక్కగా తాగుతూ ఉన్నాను. జోకిం చేపలు చల్లారాయి. సముద్రం చాలా దూరం వెనక్కి పోయింది. గ్లాసు కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకున్నాను గానీ కింద పెట్టలేదు. నర్సయ్యకు ఆకలి. ఆకలైతే వాడు జ్ఞానం మాట్లాడతాడు.

"చూసిండ్రా, సంసారం గూడ గిట్లనే. మొదటి గుక్క..."

"నోరు మూసుకోరా. తాగనియ్యి" అన్నాను.

గ్లాసు బోర్లించాను. మౌనిక వంగి చూసింది. చుక్క రాలలేదు.

"ఎట్లున్నది?" అంది అంజవ్వ.

"ముందుగల్ల దవాఖాన. అది ఇయ్యాల గూడ నచ్చలే, ఇంక నచ్చదు. నడుమ సముద్రం, పర్వాలేదు. ఆఖరుకు కాల్చిన కంకి. దాని కోసం మొదటి రెండిటినీ మళ్ల దాటుత."

మౌనిక నా చెవుల వైపు చూసింది. ఒకటి చూసి, లేచి అటు వచ్చి రెండోది కూడా చూసింది. తర్వాత నా మెడ చుట్టూ చేతులు వేసింది. సాగర్ అంతసేపూ పట్టుకుని ఉన్న వసారా స్తంభాన్ని అప్పుడు వదిలాడు.

అంజవ్వ బొట్టు పెట్టింది, పూలు ఇచ్చింది. మాట ఖాయమైంది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆమె ఆగలేదు.

"వారంల గింత మారినవ్ గదక్కా. మా ఆయన ఏం మంత్రమేసిండు?"

ఎల్లయ్య దగ్గాడు. నాకేసి చూశాడు. నేనేం చెయ్యను? అడిగింది.

"మీ ఆయన గూడ ఉమ్మిండట. ఓ ముసలాయన కుక్క మీద."

అంజవ్వ భర్త వైపు తిరిగింది. "ఏందయ్యా? పెండ్లయినప్పటి సంది పానం లేచొచ్చిందని చెప్పవడితివి గదా! గా సీసా కోసం నన్ను ఎన్నిసార్లు రైలెక్కించినవ్! గింత సేపు ఈ అక్కను అనవడితిని. ఏదీ, ఇటు తే!" అని ఎల్లయ్య చేతిలోని గ్లాసు లాక్కుంది. ఇన్నేళ్లలో ఆమె దాన్ని ఒక్కసారీ రుచి చూడలేదట. ఆమెది కూడా కల్లు తాగే నోరే. నేను "అట్ల కాదు" అనేలోపే ఎత్తేసింది.

అంతా ఉమ్మేసింది. తర్వాత భయంగా నా వైపు చూసింది. "అక్కా, మాట పోయిందా?"

"మేనత్త ఉమ్మితేనే లెక్క" అన్నాను. "నీది ఉత్త ఉమ్ము."

ఆ రాత్రి మేమెవ్వరం గేటు దాటలేదు, తాగిన నోటితో గుజరాత్‌లో అడుగుపెట్టకూడదు కాబట్టి అందరం జోకిం ఇంట్లోనే పడుకున్నాం. ఆ రోజు ఆ వసారాలో ఉన్నవాళ్లం: మా తమ్ముడు నర్సయ్య, చల్లారిన చేపల్లో సగం తినేసి; మరదలు భారతి, ఆదివారం వంట తప్పినందుకు ఆనందంగా; మౌనిక, సాగర్, ఒకే కుర్చీలో; ముసలి జోకిం, గొడవ ఏ భాషలో జరుగుతోందో అర్థం కాకపోయినా అందరికన్నా ఎక్కువ నవ్వుతూ; నేను, అంటే లచ్చవ్వను, రెండో గ్లాసుతో; అంజవ్వ, నా పక్కన నాలుక మీద చుక్క పెట్టుకుని మింగకుండా కూర్చుని, కళ్ల నీళ్లు కారుతుంటే "ఇంకా దవాఖానే ఉన్నదక్కా" అంటూ; ఎల్లయ్య, మెట్ల కింద పంపు దగ్గర, ఎడమకాలి చెప్పు కడుక్కుంటూ.